జెట్ స్కీ థ్రాటిల్ నొక్కినా వెంటనే వేగం అందుకోవడం లేదు. లోపం ఇంజిన్‌లోనా, పంపులోనా?

ముందు ఆర్పీఎం, అంటే ఇంజిన్ నిమిషానికి ఎన్నిసార్లు తిరుగుతోందో చూడండి. సగం సమాధానం అక్కడే దొరుకుతుంది.

ఇంజిన్ గట్టిగా అరుస్తూ ఆర్పీఎం పైకి పోతున్నా బండి ముందుకు దూకకపోతే అనుమానించాల్సింది జెట్ పంపునే. పంపులో తిరుగుతూ నీటిని వెనక్కి నెట్టే రెక్కల చక్రం, అంటే ఇంపెల్లర్ అంచులు గులకరాళ్లకు వంగినా, దాని చుట్టూ ఉండే వేర్ రింగ్ అరిగినా మధ్యలో సందు పెరుగుతుంది. నీరు వెనక్కి జారిపోయి తోపు తగ్గుతుంది. సీడూ కంపెనీ బండ్లలో ఈ రింగ్ చాలావరకు ప్లాస్టిక్‌దే, అరిగితే మార్చేయడమే. అంతకంటే ముందు బండి అడుగున పంపులోకి నీరు వెళ్లే చోట ఉన్న జల్లెడలో నాచు, తాడు, ప్లాస్టిక్ సంచి చిక్కుకున్నాయేమో చూడండి. చాలాసార్లు అసలు దొంగ అదే! ఇంజిన్ ఆపి, లాన్యార్డ్ (నడిపేవారికి తగిలించుకునే సేఫ్టీ తాడు) తీసేశాకే అక్కడ చెయ్యి పెట్టాలి.

ఆర్పీఎమ్మే లేవకపోతే కథ వేరు. ఫుల్ థ్రాటిల్‌లో చాలా ఫోర్ స్ట్రోక్ మోడళ్లు 7,000–8,000 దాకా వెళ్తాయి. మీది మరీ తక్కువ దగ్గర ఆగి, డిస్‌ప్లేలో హెచ్చరిక వెలుగుతుంటే లిమ్ప్ మోడ్‌లో, అంటే లోపం కనిపెట్టి బండి తనంతట తానే వేగం తగ్గించుకున్న స్థితిలో ఉన్నట్టే. మెకానిక్‌తో ఎర్రర్ కోడ్ చదివించాలి. కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం ఇచ్చే లెర్నింగ్ కీ పెట్టినా వేగం తగ్గించే ఉంటుంది, దానికి మెకానిక్ అక్కర్లేదు. ఇవేవీ కాకపోతే స్పార్క్ ప్లగ్‌లు, పాత పెట్రోలు, ట్యాంకులో చేరిన నీరు చూడండి. కార్బురేటర్ ఉన్న పాత టూ స్ట్రోక్ బండైతే కార్బురేటర్‌లో పెట్రోలు వెళ్లే సన్న రంధ్రాలు (జెట్లు), ఫ్యూయల్ ఫిల్టర్ శుభ్రం చేయించండి. నెలల తరబడి వాడకుండా పెట్టిన బండికి ఇది మామూలే.