పిల్లలు అరుస్తున్నారా? ముందు శ్రుతి చూడండి

ప్రశ్న: ఒకటో తరగతిలో 35 మంది. పాట ఎత్తుకోగానే అరుపులే. మెల్లగా పాడమంటే గొణుగుతారు. చప్పట్లు కొట్టిస్తే పాట పరుగందుకుంటుంది. నాకు సంగీతం పెద్దగా రాదు. ఏం చేయాలి?
– ఒక టీచరు, తెనాలి

జవాబు: అరుపుకీ గొణుగుడికీ చాలావరకు కారణం ఒకటే, శ్రుతి, అంటే పాటకు ‘స’గా పెట్టుకునే ఎత్తు. మీ గొంతుకు హాయిగా ఉందని ఐదో శ్రుతిలో (G) ఎత్తుకుంటారు. సరిగమపల్లోనే తిరిగే చిన్న పాట అక్కడ ఆరేళ్ల గొంతుకి మరీ కిందికి పోతుంది. అంత కింద పిల్లలు పాడలేరు, మాటలు అప్పజెబుతారు. వినపడాలంటే ఇక అరవాల్సిందే. ఫోన్‌లో శ్రుతిపెట్టె యాప్ పెట్టుకోండి. మీ ఐదు శ్రుతిలో పంచమం (ప) ఎక్కడ పలుకుతుందో దాన్నే వాళ్లకు షడ్జం (స) చేయండి, అంటే పైనున్న రెండో శ్రుతి (D). పాటలో అన్నిటికన్నా కింది ముక్క పాడించండి. ఇంకా మాటలాగే వినిపిస్తే రెండున్నర శ్రుతికి (D#) జరపండి. పైముక్క దగ్గర మెడలు సాచి గడ్డాలెత్తుతుంటే ఎక్కువైందన్నమాట. మగ టీచర్ల గొంతు ఒక స్థాయి కింద ఉంటుంది కనుక, పాట పట్టుకున్న ఒక పాప చేత ముందు పాడించడం మేలు. ‘మెల్లగా’ అని గదమాయించకండి. ఉయ్యాల్లో పాప పడుకుందని చెప్పి చూడండి, గొంతులు వాటంతటవే మెత్తబడతాయి.

మొదటి రోజే ముక్కముక్కలుగా వల్లె వేయించకండి. పాటంతా మీరే మూడుసార్లు పాడండి. నాలుగోసారి చరణం చివరి మాట దగ్గర ఆగండి. ‘చందమామ రావే’లో ప్రతి ముక్కా రావే, తేవే అనే ముగుస్తుంది. ఆ ‘వే’ని పిల్లలు అందుకుని సాగదీస్తారు, శ్రుతి కుదిరేదీ ఆ సాగతీతలోనే. కొత్త పాటకు పది నిమిషాలు చాలు. మిగతాది మర్నాడు.

చప్పట్లంటే పిల్లలకు చప్పుడు మీదే సరదా, లయ మీద కాదు. అరచేతిలో రెండు వేళ్లతో తట్టించండి. కూర్చుంటే తొడ మీద. పరుగు ఆగుతుంది.

ప్రశ్న: మా ఆరేళ్ల పాపకు సరళీ స్వరాలంటే విసుగు. మానేయమంటారా?
– ఒక తల్లి, డాలస్

జవాబు: మానొద్దు, అయిదు నిమిషాలకు కుదించండి. సరళీ స్వరాలు, అంటే కర్ణాటక సంగీతంలో తొలి పాఠాలు, నేర్పేది మాయామాళవగౌళ రాగంలో. అందులో స–రి మధ్య దూరం తక్కువ. పిల్లలు రిషభాన్ని (రి) పైకి లాగేస్తుంటారు. పదేపదే దిద్దుతుంటే విసుగు రాదూ? పక్కన ముత్తుస్వామి దీక్షితుల నొట్టుస్వరం ఒకటి పెట్టండి. పాశ్చాత్య బాణీలకు సంస్కృత సాహిత్యం కట్టినవి అవి. శంకరాభరణం రాగం స్వరాలే, గమకాల బాధ, అంటే స్వరాన్ని ఊపి పలికే పని, దాదాపు ఉండదు. సంస్కృతం నోరు తిరగదు కాబట్టి వారం రోజులు ‘లలలా’ అనే పాడించి, ఆ తర్వాత మాటలు కలపండి.

ప్రశ్న: ఒక బాబుకి శ్రుతి అసలు కలవదు. నోరు మూసుకోమనలేను.
– ఒక టీచరు, సిద్దిపేట

జవాబు: అనకండి. వాడు పలికిన స్వరానికి ముందు మీరే వెళ్లి కలవండి. అక్కణ్నుంచి అంబులెన్సు కూతలా ‘ఊ…’ అంటూ ఇద్దరూ కలిసి పైకి జారండి. రోజుకు రెండు నిమిషాలు. గుంపులో పాడేటప్పుడు శ్రుతి బాగా పట్టే పిల్లకు ముందు వరసలో కాక, ఈ బాబు వెనకాల చోటివ్వండి.