రోమ్‌లో రాతి ముఖాలు చూడబోతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

చదువు కోసం ఏడాదిపాటు రోమ్‌లో ఉండబోతున్నావనీ, అక్కడి ప్రాచీన ముఖశిల్పాలను ఎలా చూడాలో రాయమనీ అడిగావు. చాలా ఏళ్లు శిల్పచరిత్ర పాఠాలు చెప్పినవాణ్ని కనుక, నేను చేసిన తప్పుతోనే మొదలుపెడతాను. టోగా (రోమన్ పౌరులు ఒంటికి చుట్టుకునే పొడవాటి వస్త్రం) ధరించి, రెండు చేతులతో రెండు తలల శిల్పాలను పట్టుకుని నిలబడిన ఒక రోమన్ పెద్దమనిషి విగ్రహం ఉంది. దానిని ‘బార్బెరీని టోగాధారి’ అంటారు. దానిని మొదటిసారి చూసినప్పుడు ఆ మనిషి కళ్లలోని గాంభీర్యాన్ని, వంశగౌరవాన్ని వర్ణిస్తూ నోటుపుస్తకంలో నాలుగు పేజీలు నింపాను. ఆ తల ఆ మొండేనిది కాదనీ, వేరొక ప్రాచీన శిల్పం నుంచి తెచ్చి తరువాతి కాలంలో అతికించినదనీ అటుపిమ్మట తెలిసింది. అందుకే ఏ విగ్రహం ముందు నిలబడినా ముందుగా మెడ చుట్టూ అతుకు ఉన్నదేమో వెతుకు. ముఖం గురించి ఆలోచించడం ఆ తరువాతి పని.

ఇంకొక మాట. ‘ఇది ఎవరి ముఖం?’ అని మొదట అడగవద్దు. ‘దీనిని ఎవరు పెట్టించారు, ఎక్కడ పెట్టించారు, ఎవరు చూడాలని పెట్టించారు?’ అని అడుగు. రోమన్లకు ముఖశిల్పం ఇంటి అలంకారం మాత్రమే కాదు, నలుగురి ముందు ప్రకటించుకునే హక్కు. ఉన్నత పదవులు నిర్వహించిన వంశాలవారు తమ పూర్వీకుల మైనపు ముఖాలను ఇంటి ముంగిటి సావడిలో, చెక్క అరల్లో దాచుకునేవారు. క్రీ.పూ. 2వ శతాబ్దానికి చెందిన గ్రీకు చరిత్రకారుడు పొలీబియస్ చెప్పిన ప్రకారం, ఇంట్లో పెద్దవారు మరణించినప్పుడు, ఒడ్డూ పొడుగూ నడకా పూర్వీకులను పోలినవారు ఆ ముఖాలు తొడుక్కుని, వారి వారి హోదాకు తగిన టోగాలతో ఊరేగింపుగా ఫోరమ్‌కు, అంటే నగరం నడిబొడ్డున ఉన్న బహిరంగ కూడలికి వచ్చి, దంతపు పీఠాల మీద వరుసగా కూర్చునేవారు. చనిపోయిన తాతముత్తాతలంతా సభ తీరి కూర్చుంటే, వారి ఎదుట కొత్తగా పోయినవాడి గుణగణాలను కొడుకు వివరిస్తున్నాడన్నమాట. చక్రవర్తులు రాకముందు, రిపబ్లిక్ కాలపు శిల్పాల్లో ముడతలు, పల్చబడిన జుట్టు, జారిన బుగ్గలు అంత పట్టుదలగా ఎందుకు చెక్కించుకున్నారో ఈ నేపథ్యంలో ఆలోచించు. వాటిని ఉన్నదున్నట్టు చెక్కిన పోలికలని నమ్మేయవద్దు. వయసును, పదవులు మోసిన అలసటను గౌరవ చిహ్నాలుగా చూపించుకున్న ముఖాలు అవి.

మరి పూర్వీకులను చెప్పుకునే హక్కే లేనివారి సంగతేమిటి? నా దృష్టిలో రోమన్ ముఖశిల్పంలో అన్నింటికన్నా ఆసక్తికరమైన భాగం ఇదే. మ్యూజియాల్లో చక్రవర్తుల శిల్పాలున్న గదుల్లో గడిపే సమయంలో సగం దీనికి కేటాయించమని గట్టిగా చెబుతాను. చట్టం దృష్టిలో బానిసకు తండ్రి లేడు, పెళ్లి లేదు. విడుదలైన తరువాత యజమాని వంశనామాన్నే తన పేరులో ధరించి, మైనపు ముఖాలకు బదులు బాట పక్కన సమాధి మీద తన ముఖాన్నే రాతిలో చెక్కించుకునేవాడు. కిటికీలోంచి చూస్తున్నట్టు వరుసగా నిలబడిన ఆ కుటుంబాలలో భార్యాభర్తలు కుడిచేతులు కలిపి ఉంటారు, ఎందుకంటే ఆ పెళ్లి ఇప్పుడు చట్టబద్ధమైనది. పక్కన పిల్లవాడి మెడలో తాయెత్తు వేలాడుతుంటే, వాడు పుట్టుకతోనే స్వతంత్రుడని అర్థం. కింద పేర్లలో ‘ఎల్’ అక్షరం కోసం చూడు, అది దాస్యవిముక్తుడని చెప్పే గుర్తు.

రోమ్ పాత నగరద్వారం పోర్తా మజ్జోరె దగ్గర రొట్టెల వ్యాపారి యూరిసాకెస్ సమాధిని చూడకుండా తిరిగి రావద్దు. క్రీ.పూ. 1వ శతాబ్దం చివరి దశాబ్దాల నాటి ఈ కట్టడం తరువాతి కాలపు కోటగోడలో కప్పబడిపోయి, 1838లో ఆ గోడ భాగాన్ని కూల్చినప్పుడు మళ్లీ వెలుగు చూసింది. పైభాగంలో ధాన్యం విసరడం, పిండి పిసకడం, రొట్టెలు కాల్చడం, తూకం వేయడం వరుసగా చెక్కి ఉంటాయి. గోడల్లోని గుండ్రని రంధ్రాలు పిండి కలిపే పాత్రల నోళ్లని ఎక్కువమంది అంటారు. తాను రొట్టెలవాడిననీ, గుత్తేదారుననీ శాసనంలో దాచుకోకుండా చెప్పుకున్నాడు. సమాధి మీది దంపతుల శిల్పాన్ని ఇప్పుడు మ్యూజియంలో చూడాలి.

చక్రవర్తుల గురించి క్లుప్తంగానే చెబుతాను, ఎలాగూ నీ పుస్తకాల నిండా వారే ఉంటారు. తొలి చక్రవర్తి అగస్టస్ 76వ ఏట మరణించాడు, అయినా ఆయన శిల్పాల్లో ముఖానికి ముసలితనం రాదు. ఆయనను గుర్తించడానికి నుదుటి మీద జుట్టుపాయలు చీలి మళ్లీ కలిసే తీరును గమనించు, ఎందుకంటే సామ్రాజ్యమంతటా ఒకే మాతృకను అనుసరించి ప్రతులు చెక్కేవారు. కాలం అంచనాకు కళ్లు సాయపడతాయి. హేడ్రియన్ చక్రవర్తి కాలం దాకా చలువరాతి కనుపాపలను సాధారణంగా రంగుతోనే వేసేవారు. రంగు పోయింది కనుక అవి నేడు గుడ్డిగా కనిపిస్తాయి. సుమారు క్రీ.శ. 130 తరువాత కనుపాపను గీసి, రాతిని తొలిచే బరమాతో గుంట చేయడం వాడుకలోకి వచ్చింది.

ముఖాన్ని ఎదురుగా చూసి సరిపెట్టుకోకుండా పక్కకు, వెనక్కు తిరిగి చూడు. ఒకరి ముఖాన్ని చెరిపి మరొకరిదిగా తిరిగి చెక్కిన తలలో శిల్పి చెవులను కదపలేడు కనుక, అవి కొత్త ముఖానికి పెద్దవిగానో, మరీ వెనక్కో ఉండిపోతాయి. క్రీ.శ. 96లో హత్యకు గురైన డొమిషియన్ చక్రవర్తి తలను వాటికన్‌లోని కాంచెల్లెరియా ఫలకం మీద అతని తరువాతి చక్రవర్తి నెర్వాగా మార్చారు. ఆ తల మొండేనికి చిన్నదైపోయింది. ఫోరమ్‌లోని క్రీ.శ. 203 నాటి సెప్టిమియస్ సెవెరస్ చక్రవర్తి తోరణం మీద శాసనంలోని నాలుగో పంక్తిని దీక్షగా చూడు. సెవెరస్ చిన్నకొడుకు, 211లో అన్న కారకల్లా చంపించిన గెటా పేరును అక్కడ చెరిపి వేరే పొగడ్తలు చెక్కారు. అయితే పాత కంచు అక్షరాలను బిగించిన రంధ్రాలు మిగిలిపోవడంతో ఆ పేరును ఇప్పటికీ చదవవచ్చు.

నీకు పోలిక కావాలంటే శాతవాహనుల వెండి నాణేల మీద రాజుల ముఖాలున్నాయి, నాగార్జునకొండలో మరణించినవారి జ్ఞాపకంగా నిలిపిన ఛాయాస్తంభాలున్నాయి. అయితే వాటిని రోమ్ ప్రభావమని తొందరపడి రాయవద్దు. ఛాయాస్తంభంలో ముఖపు పోలిక కంటే ఆ మనిషి జీవితంలోని ఘట్టాలకే ఎక్కువ చోటిచ్చారు. ఆ తేడానే నీ వ్యాసానికి వస్తువు కావచ్చు.

మెత్తని పెన్సిల్, గీతలు లేని నోటుపుస్తకం వెంట ఉంచుకో. ఫోటో తీసేముందు ప్రతి తలను పక్క నుంచి ఒకసారి గీయి. చెవి కుదరక చేయి ఆగిన చోట తేదీ, మ్యూజియం పేరు రాసిపెట్టి, ఆ పేజీ నాకు పంపు.

ఇట్లు,
మీ మామయ్య