ఇగ్వానాకు అసలు శత్రువులు ఏవి?

ప్రశ్న: మాది బెంగళూరు దగ్గర ఆనేకల్. మామిడితోటలో వలగూడు కట్టి మా అబ్బాయి రెండు ఆకుపచ్చ ఇగ్వానాలను (చెట్లెక్కే పెద్ద బల్లులను) పెంచుతున్నాడు. ఒకటి పెద్దది, ఒకటి పిల్ల. అడవిలో వీటిని ఏ జంతువులు వేటాడతాయి? మా తోటలోని గద్దలు, ముంగిసల వల్ల ప్రమాదం ఉందా? ఇవి తప్పించుకుంటే ఆ జంతువులే అదుపు చేస్తాయా?

జవాబు: మెక్సికో నుంచి బ్రెజిల్ దాకా ఉన్న వేడి అడవులు ఆకుపచ్చ ఇగ్వానా స్వస్థలం. అక్కడ దీని శత్రువులు వయసును బట్టి మారతాయి. ఆడది మట్టి తవ్వి 20 నుంచి 70 దాకా గుడ్లు పెడుతుంది కానీ, డేగలు, టూకాన్ పక్షులు, పాములు, బాసిలిస్క్ బల్లులు, కోటీలు (పొడవాటి ముక్కున్న చిన్న అడవి జంతువులు) గుడ్లనో పిల్లలనో తినేయడం వల్ల పెద్దవయ్యేవి కొన్నే. ఎదిగిన ఇగ్వానాను పట్టగలిగేవి జాగ్వార్, ఓసెలాట్ అనే మచ్చల అడవిపిల్లి, బోవా పాము, మొసలి, పెద్ద గరుడపక్షుల వంటివే. అదీ సులువు కాదు. ఇగ్వానా నీటిపైకి వాలిన కొమ్మ మీద ఉండి, అలికిడి కాగానే కిందికి దూకి ఈదుకుపోతుంది, దొరికితే తోకతో కొరడాలా కొడుతుంది, అవసరమైతే ఆ తోకనే తెంపుకుని పారిపోతుంది.

మీ తోటలో నేను ముందుగా అనుమానించేది ముంగిసనే. చెరకుతోటల్లో ఎలుకల బెడద తగ్గించడానికి 1872లో మన దేశపు చిన్న ముంగిసలను కరీబియన్ ద్వీపమైన జమైకాకు తీసుకెళ్లారు. ముంగిస పగలు తిరిగేది, ఎలుక రాత్రి తిరిగేది అన్న సంగతి ఎవరూ ఆలోచించినట్లు లేదు. నేల మీద గుడ్లు పెట్టే అక్కడి ఇగ్వానా జాతి ముంగిసల వల్ల, పిల్లులు, కుక్కల వల్ల క్షీణించి, 1940ల నాటికి అంతరించిందనే భావించారు. 1990లో జమైకాలోని హెల్‌షైర్ కొండల్లో కొద్దిపాటివి మళ్లీ కనిపించాయి. మీ దగ్గర తిరిగే బూడిదరంగు ముంగిస ఆ చిన్న ముంగిసకంటే పెద్దది. కాబట్టి పిల్లను పెద్దదానితో కలపకుండా, అర అంగుళం కన్నాల వెల్డ్ మెష్ (అతికిన ఇనుప తీగల వల) గూటిలో ఉంచి, మెష్‌ను అడుగు లోతు దాకా భూమిలోకి దించండి. కోళ్లగూటి పలచటి వలను కుక్క చింపేస్తుంది. గద్దలు, కాకులు రాకుండా పైకప్పు కూడా మెష్‌తోనే వేసి, ఒక మూల ఆకుల నీడ ఉంచండి. ఇగ్వానా నడినెత్తిన వెలుగునీడలను పసిగట్టే మూడో కన్ను ఉంటుంది కనుక, పైన గద్ద తిరిగినప్పుడు దాక్కునే చోటు దానికి అవసరం. పెద్దదానికి ఊరకుక్కే ముఖ్య శత్రువు.

తప్పించుకున్నవాటిని మన పక్షులూ జంతువులూ అదుపు చేస్తాయని నమ్మవద్దు. అమెరికాలోని ఫ్లోరిడాలో గుడ్లు తవ్వి తినే రకూన్లు (అక్కడి చిన్న అడవి జంతువులు) ఉన్నా, 1960ల నుంచి ఇగ్వానాలు వ్యాపించి కాలువగట్లను బొరియలతో గుల్ల చేస్తున్నాయి, మొక్కల లేత చిగుళ్లు, పూలు తినేస్తున్నాయి. అందుకే మీ ఇగ్వానాలను ఎన్నడూ బయట వదలకండి. 2022లో సవరించిన వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వీటిని కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైట్ అయిన పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. గుడ్ల నుంచి పిల్లలు వస్తే ఆ వివరం కూడా తెలియజేయాలి.