థైరాయిడ్ మాత్రలని చెప్పి ఎంతకాలం దాచాలి?

ప్రశ్న: నా వయసు 27. బ్యాంకులో పని చేస్తున్నాను. నాలుగేళ్ల క్రితం బైపోలార్ డిజార్డర్ (కొన్నాళ్లు అతి హుషారు, కొన్నాళ్లు తీవ్రమైన దిగులు కమ్మే మానసిక జబ్బు) ఉందన్నారు. దానికిచ్చే లిథియం మాత్రలు వాడుతూ బాగానే ఉన్నాను. అమ్మ ఆ మాత్రలను థైరాయిడ్ మందుల సీసాలో పోసి ఉంచుతుంది. మొన్న వేసవిలో పిన్ని కూతురి పెళ్లికి వెళ్లినప్పుడు అందరి ముందు వేసుకోలేక ఐదు రోజులు మానేశాను. ఆ తర్వాత నిద్రే లేదు, ఒకటే మాటలు. గాలి సోకిందని చుట్టాలు తాయెత్తు కట్టించారు. మామూలు మనిషిని కావడానికి రెండు నెలలు పట్టింది. ఇప్పుడు సంబంధాలు చూస్తున్నారు. ‘చెబితే నీకు పెళ్లి కాదు’ అంటుంది అమ్మ. చెప్పాలా, వద్దా?
- ఒక సోదరి, ఖమ్మం

జవాబు: మీ ఉత్తరం చదివాక నాకు బెంగ పుట్టించింది పెళ్లి సంగతి కాదమ్మా, ఆ ఐదు రోజులు. లిథియం రక్తంలో ఎప్పుడూ ఒకే మోతాదులో ఉంటేనే పని చేస్తుంది. ఉన్నట్టుండి మానేస్తే జబ్బు తిరగబెడుతుంది. పైగా పెళ్లింట్లో రాత్రుళ్లు నిద్ర ఉండదు. ఈ జబ్బుకు నిద్ర చెడటం ఒక్కటే చాలు. అంటే మీకు జబ్బు తిరగబెట్టింది ఒక రకంగా ఆ దాపరికం వల్లే.

అందుకే ముందు ఆ సీసా సంగతి చూడండి. రేపు మీరు స్పృహ తప్పితే ఇంట్లోవాళ్లు క్యాజువాలిటీలో చూపించేది ఆ థైరాయిడ్ సీసానే. పెళ్లింట్లో మీ కాలు బెణికితే, ఏమీ తెలియని పిన్ని మెడికల్ షాపు నుంచి డైక్లోఫెనాకో, ఐబుప్రోఫెనో తెప్పించి ఇస్తుంది. అవి రక్తంలో లిథియంను ప్రమాదకరంగా పెంచేస్తాయి. ఎండలో చెమట బాగా పట్టినా, వాంతులు విరేచనాలు అయినా, నీళ్లు ముట్టని ఉపవాసం ఉన్నా ఇదే ప్రమాదం. చేతులు బాగా వణకడం, వాంతులు, మాట ముద్దగా రావడం, నడక తూలడం కనిపిస్తే వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. మాత్రను దాని పేరున్న పెట్టెలోనే ఉంచండి. ఒక చీటీ మీద మందు పేరు, మోతాదు, డాక్టర్ ఫోన్ నంబరు రాసి పర్సులో పెట్టుకోండి.

అమ్మను తప్పు పట్టకండి. మన దగ్గర ‘ఎర్రగడ్డకు పంపాలి’ అన్నది ఇప్పటికీ తిట్టే. అటు వైపు ‘వైజాగ్ పిచ్చాసుపత్రి’ అంటారు. ఆ మాటలు వింటూ పెరిగిన తల్లి కూతురి మాత్రలు దాచడంలో వింత లేదు. దీపికా పదుకొణె 2015లోనే తన డిప్రెషన్ గురించి అందరికీ చెప్పారు, మనకేం అంటారు కొందరు. ఆవిడ ఎదురుగా మేనత్తలు వరసగా కూర్చుని లేరు కదా! మీరు ఊరంతటికీ చాటక్కర్లేదు. ముందు ఒక్కరికి చెప్పండి. నన్నడిగితే ఆ పిన్ని కూతురికే. మీ అవస్థ కళ్లారా చూసిన మనిషి, తాయెత్తు కథకు బదులు అసలు సంగతి తెలిస్తే ఆమెకూ మనసు కుదుటపడుతుంది. ‘వరసగా రెండు రాత్రులు మూడు నాలుగు గంటలే పడుకుని కూడా నేను హుషారుగా తిరుగుతుంటే డాక్టర్‌కి ఫోన్ చెయ్యి’ అని చెప్పి పెట్టండి. ఆ సమయంలో మీకు మీరు బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది. పక్కవాళ్లే కనిపెట్టాలి.

ఇక పెళ్లి. చెప్పాలి. కానీ పెళ్లిచూపుల్లో కాఫీ కప్పులు అందిస్తూ కాదు, పెళ్లిళ్ల పేరయ్య నోటితో అసలే కాదు. ఇరువైపులా ఇష్టపడ్డాక, తాంబూలాలకు ముందు, అబ్బాయితో మీరే మాట్లాడండి. ‘నాకు బైపోలార్ ఉంది. రోజూ మాత్ర వేసుకుంటాను, ఉద్యోగం చేసుకుంటున్నాను. ఒకసారి మానేస్తే ఇలా అయింది. కావాలంటే నా డాక్టర్‌ని కలవండి’ అంటే సరిపోతుంది. కొందరు వద్దంటారు. బాధేస్తుంది, కాదనను. కానీ చెప్పకుండా చేసుకుంటే అత్తారింట్లోనూ మాత్ర దాచాలి, మళ్లీ ఆ ఐదు రోజులే. తర్వాత బయటపడితే ‘దాచి చేశారు’ అని కోర్టుకెక్కిన కాపురాలున్నాయి. మాత్రలు వాడుతూ బాగున్న మనిషి పెళ్లి చేసుకోకూడదని ఏ చట్టమూ చెప్పదు.

పిల్లల గురించి వాళ్లు తప్పకుండా అడుగుతారు. తల్లిదండ్రుల్లో ఒకరికి ఈ జబ్బుంటే బిడ్డకు వచ్చే అవకాశం మామూలుకన్నా ఎక్కువే, అయినా ఎక్కువ మంది పిల్లలకు రాదు. గర్భం ఎప్పుడన్నది మాత్రం డాక్టర్‌తో మాట్లాడి ముందే అనుకోవాలి. మీ అంతట మీరు మందు ఆపొద్దు.

ఆఫీసులో చెప్పాలా అంటే, అవసరం పడితేనే. మీ చికిత్స వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో ఉంది. ఆరోగ్య బీమా ఫారంలో మాత్రం దాచకండి, రేపు క్లెయిమ్ తిప్పికొడతారు. శరీరానికి వచ్చే జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకూ బీమా ఇవ్వాలని అదే చట్టం చెబుతోంది.

అమ్మకు దిగులు ఎక్కువైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఆవిడే ఫోన్ చేయొచ్చు. ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

అన్నట్టు, అమ్మ చెప్పే అబద్ధంలోనూ ఒక నిజముంది. లిథియం కొందరిలో థైరాయిడ్‌ను మందగింపజేస్తుంది. మీరు థైరాయిడ్, కిడ్నీ, లిథియం పరీక్షలు చేయించి ఎన్నాళ్లయిందో రాయలేదు. ఆర్నెల్లు దాటితే ఈ వారమే వెళ్లండి. రాత్రి మాత్ర వేసుకున్న 12 గంటలకు రక్తం ఇవ్వాలి. పొద్దుటి మాత్ర ఉంటే రక్తం ఇచ్చాకే వేసుకోవాలి. వెళ్లేటప్పుడు అమ్మను వెంట తీసుకెళ్లండి.