నాన్నగారి అంబాసిడర్‌ను కుటుంబ కారుగా మార్చుకోవాలంటే ఎంత ఖర్చు పెట్టవచ్చు?

ప్రశ్న: మాది కడప. నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయుణ్ని. వయసు 43, సీపీఎస్ (కంట్రిబ్యూటరీ పెన్షన్ పథకం) ఉద్యోగిని. చేతికి నెలకు 86 వేలు వస్తాయి, ఇంటి ఖర్చు 58 వేలు. 5 లక్షల చీటీకి నెలకు 10 వేలు కడుతున్నాను, అది ఇంకా 14 నెలలు ఉంది. బ్యాంకులో 4 లక్షల ఎఫ్‌డీ, సేవింగ్స్ ఖాతాలో 1.20 లక్షలు ఉన్నాయి. పెద్దమ్మాయి తొమ్మిదో తరగతి, అబ్బాయి ఆరో తరగతి. ఆరు నెలల కిందట నాన్నగారు కాలం చేశారు. ఆయన 1984లో కొన్న అంబాసిడర్ మార్క్ 4 పెట్రోల్ కారు ఇంట్లోనే ఉంది, ఆర్‌సీ గడువు 2024లో ముగిసింది. దానికి ఇసుజు ఇంజన్, ఏసీ, పవర్ స్టీరింగ్, కొత్త సీట్లు పెట్టించి కుటుంబమంతా తిరిగే కారుగా మార్చాలని ఉంది. మెకానిక్ 6.90 లక్షలు చెప్పాడు. ఎఫ్‌డీ తీసేసి, మిగతా 2.90 లక్షలకు మా ఆవిడ బంగారం కుదువ పెట్టాలనుకుంటున్నాను. పాత కార్లకు ఇప్పుడు గిరాకీ ఉంది కాబట్టి ఇది పెట్టుబడి కూడా అవుతుందని మిత్రులు అంటున్నారు. మీ సలహా ఏమిటి?

జవాబు: ముందుగా మీ నాన్నగారి మృతికి నా సానుభూతి. ఆయన నలభై ఏళ్లు కాపాడుకున్న కారును పాత సామాను కింద అమ్మేయకుండా పిల్లలతో కలిసి అందులో తిరగాలనుకోవడం మంచి ఆలోచన, దాన్ని వదులుకోమని నేను చెప్పను. అయితే మీరు అడిగిన రెండు విషయాలకు, అంటే ఎఫ్‌డీ తీయడానికీ బంగారం కుదువ పెట్టడానికీ, నా సమాధానం స్పష్టంగా ‘వద్దు’ అనే. ఈ కారు మీద మీరు పెట్టే ఖర్చు తిరిగి రాదు, కాబట్టి అది మీ నెలవారీ మిగులులోంచే రావాలి. మెకానిక్ ఇచ్చిన అంచనాలో సగం కంటే తక్కువ ఖర్చుతోనే మీకు కావలసిన కారు తయారవుతుంది.

పెట్టుబడి అన్న మాటను మొదట పక్కన పెడదాం. పాత కారుకు మంచి ధర ఇచ్చేవారు చూసేది అసలుదనాన్ని: ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు ఆర్‌సీలో ఉన్నట్టే ఉన్నాయా, బాడీ ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉందా అన్నదాన్ని. 2021 జులైలో కేంద్రం నోటిఫై చేసిన వింటేజ్ వాహనాల నిబంధనలు కూడా ఇదే అంటాయి. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, ఛాసిస్‌లో గానీ బాడీలో గానీ ఇంజన్‌లో గానీ చెప్పుకోదగ్గ మార్పులు జరగని వాహనానికే ఆ గుర్తింపు లభిస్తుంది. మీ కారు 2034 వరకు ఆ వయసుకు రాదు. పైగా వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉన్న కారును రోజువారీ అవసరాలకు వాడకూడదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతులకు, ఇంధనం నింపుకోవడానికే రోడ్డెక్కించాలి. అంటే కుటుంబ కారుగా తిప్పుకోవడమూ, సేకరణకారుల దగ్గర విలువ పెంచుకోవడమూ రెండూ ఒకే కారుతో జరిగే పనులు కావు. మీరు మొదటిదాన్ని ఎంచుకున్నారు, అది సరైనదే. పన్ను విషయానికి వస్తే, సొంత వాడకంలో ఉన్న కారును అమ్మితే వచ్చే లాభం మీద మూలధన లాభాల పన్ను ఉండదు, అదే విధంగా నష్టం వస్తే దాన్ని ఎక్కడా సర్దుబాటు చేసుకోవడానికీ వీలుండదు.

ఇక అంచనాకు వద్దాం. మీరు పంపిన కాగితంలో ఇంజన్, గేర్‌బాక్సు మార్పిడికి 2.20 లక్షలు, టింకరింగ్, పెయింటింగ్‌కు 1.40 లక్షలు, సీట్లు, లోపలి పనికి 80 వేలు, ఏసీకి 75 వేలు, పవర్ స్టీరింగ్‌కు 55 వేలు, టచ్‌స్క్రీన్, స్పీకర్లకు 45 వేలు, ముందు చక్రాల డిస్క్ బ్రేకులకు 40 వేలు, వైరింగ్, హెడ్‌లైట్లకు 35 వేలు వేశారు. వీటన్నిటిలో పెద్ద ఖర్చు ఇంజన్‌దే, నా దృష్టిలో అన్నిటికంటే అనవసరమైనదీ అదే.

అందుకు మొదటి కారణం చట్టం. తయారీదారు ఇచ్చిన వివరాలకూ ఆర్‌సీలోని వివరాలకూ తేడా వచ్చేలా వాహనాన్ని మార్చకూడదని మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ చెబుతోంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దాన్ని గట్టిగా ధ్రువీకరించింది. మీ కారులో ఉన్నది 1,489 సీసీ ఇంజన్, పెట్టాలనుకుంటున్నది 1,817 సీసీ ఇంజన్. రెండూ హిందుస్థాన్ మోటార్స్ అంబాసిడర్లలో వచ్చినవే అయినా రకం వేరు, సామర్థ్యం వేరు. రిజిస్ట్రేషన్ అధికారి ముందస్తు అనుమతి లేకుండా అలాంటి మార్పు చేయిస్తే, ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. జరిమానా కంటే నన్ను ఎక్కువ కలవరపెట్టేది బీమా. చెప్పకుండా ఇంజన్ మార్చిన కారుకు ప్రమాదం జరిగితే సొంత నష్టం క్లెయిమును కంపెనీ తిరస్కరించడానికి అది చాలిన కారణం అవుతుంది. ఎదుటివారికి చెల్లించవలసిన పరిహారం విషయంలో కూడా కంపెనీ ముందు చెల్లించి, తర్వాత ఆ మొత్తాన్ని మీ దగ్గర వసూలు చేసుకోవడానికి కోర్టును కోరవచ్చు. ఒక ఉపాధ్యాయుడి జీతంతో తీర్చగలిగిన బాధ్యత కాదది.

రెండో కారణం లెక్కలోనే కనిపిస్తుంది. నెలకు 500 కిలోమీటర్లు తిరుగుతారనుకుందాం. ఇప్పటి ఇంజన్ లీటరుకు 10 కిలోమీటర్లు ఇస్తే 50 లీటర్లు కావాలి. కొత్త ఇంజన్ 12 ఇస్తుందనుకుంటే సుమారు 42 లీటర్లు చాలు. లీటరు 110 రూపాయల చొప్పున నెలకు మిగిలేది 900 పైచిలుకు. పెట్టిన 2.20 లక్షలు ఆ మిగులుతో తిరిగి రావాలంటే 20 ఏళ్లు పడుతుంది. ఈలోగా బీమా కూడా పెరుగుతుంది. 2022 జూన్‌లో అమల్లోకి వచ్చిన థర్డ్ పార్టీ (ఎదుటివారి నష్టానికి సంబంధించిన) బీమా రేట్ల ప్రకారం 1,000 నుంచి 1,500 సీసీ వరకు ఉన్న సొంత కార్లకు ఏడాదికి 3,416 రూపాయలు, 1,500 సీసీ దాటితే 7,897 రూపాయలు. జీఎస్టీతో కలిపి చూస్తే ఇంజన్ మార్పు ఒక్కదాని వల్లే ఏటా 5,300 దాకా అదనంగా కట్టవలసి వస్తుంది. ఉన్న ఇంజన్‌నే మంచి పనివాడి చేత పరీక్ష చేయించి, అవసరమైతే పిస్టన్ రింగులు, వాల్వులు బాగు చేయించుకుంటే చట్టంతో పేచీ ఉండదు, నంబరూ మారదు.

అంచనాలో ఉన్నవాటి కంటే లేనివి నన్ను ఎక్కువ ఆలోచింపజేశాయి. టైర్ల ప్రస్తావన లేదు. రేడియేటరు గురించి ఒక్క మాట లేదు. పెట్రోలు గొట్టాలూ లేవు. కడపలో మే నెల ఎండ ఎలా ఉంటుందో మీకు నేను చెప్పనక్కరలేదు. ఏసీ కండెన్సర్‌ను రేడియేటరు ముందు బిగిస్తారు కాబట్టి లోపలికి వెళ్లే గాలి ఆ మేరకు తగ్గుతుంది, కంప్రెసర్ భారం కూడా ఇంజన్ మీదే పడుతుంది. నలభై ఏళ్లుగా ఇంజన్ నీటి దారుల్లో పేరుకున్న తుప్పును శుభ్రం చేయించకుండా, రేడియేటరు కోర్ మార్పించకుండా ఏసీ పెట్టిస్తే రాజంపేట చేరేలోపే ఇంజన్ వేడి చూపే సూది ఎర్ర గీత దాటుతుంది. ఇప్పుడు బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. పాత రబ్బరు గొట్టాలను, కార్బురేటరు గాస్కెట్లను అది త్వరగా పాడు చేస్తుంది, ఆ లీకులు ఇంజన్ గదిలో నిప్పుకు దారి తీస్తాయి. వీటన్నిటికీ మరో 60 వేలు పక్కన పెట్టండి. టచ్‌స్క్రీన్ కంటే ఇది ముందు.

బ్రేకుల విషయంలో మాత్రం మీ మెకానిక్‌తో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. ఈ కారుకు నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే. నలుగురిని, సామాన్లను ఎక్కించుకుని రాయచోటి నుంచి వస్తూ గువ్వలచెరువు ఘాట్ దిగేటప్పుడు పదేపదే బ్రేకు తొక్కితే డ్రమ్ములు వేడెక్కి పట్టు తగ్గుతుంది, ఆ మలుపుల్లో లారీల వెనక అలాంటి పరిస్థితి రాకూడదు. డిస్క్ బ్రేకుల బిగింపుకు కూడా ఆర్టీవో కార్యాలయంలో ముందే రాతపూర్వకంగా అడగండి. అనుమతి రాకపోతే అదే డబ్బుతో డ్రమ్ములు, షూలు, వీల్ సిలిండర్లు, మాస్టర్ సిలిండర్ అన్నీ కొత్తవి వేయించి, దిగేటప్పుడు తక్కువ గేరులో నడపండి. వెనక సీటుకు బెల్టులు తప్పనిసరిగా పెట్టించండి, వాటి బోల్టులు పడే చోట రేకు తుప్పు పట్టి ఉంటే ముందు బలమైన ప్లేటు వెల్డింగ్ చేయించండి. ఇన్ని చేసినా ఈ కారుకు ఎయిర్‌బ్యాగులు రావు, కొత్త కార్లకు ఉన్న ప్రమాద రక్షణ రాదు. కాబట్టి ఊళ్లో తిరగడానికి, ఒంటిమిట్టకో పుష్పగిరికో పిల్లలతో వెళ్లి రావడానికి వాడుకోండి. బెంగళూరు, చెన్నై వంటి దూర ప్రయాణాలకు రైలో బస్సో ఎక్కండి.

వీటి ప్రకారం నా లెక్క ఇలా వస్తుంది. కాగితాల పనికి 25 వేలు, బ్రేకులు, వైరింగ్‌కు 75 వేలు, రేడియేటరు, టైర్లు, గొట్టాలకు 60 వేలు, నేల రేకు, డోర్ల కింది భాగం తుప్పు పనికి 40 వేలు, మొత్తం 2 లక్షలు మొదటి దశ. ఏసీకి 75 వేలు, సీట్ల కుషన్లకు, బెల్టులకు 40 వేలు కలిపి 1.15 లక్షలు రెండో దశ. బెల్టులను మాత్రం మొదటి దశలోకే తెచ్చుకున్నా నాకు అభ్యంతరం లేదు. మొత్తం 3.15 లక్షలు. పూర్తి పెయింటింగ్, పవర్ స్టీరింగ్ ఆగగలవు.

ఈ డబ్బు ఎక్కడి నుంచి అన్నదే అసలు ప్రశ్న. మీ 4 లక్షల ఎఫ్‌డీ ఆరు నెలల ఇంటి ఖర్చుకు కొంచెం ఎక్కువ, అంతే. సీపీఎస్ ఉద్యోగికి అత్యవసరం వస్తే జీపీఎఫ్ (పాత పెన్షన్ ఉద్యోగులకు ఉండే భవిష్య నిధి) నుంచి తీసుకునే వెసులుబాటు కూడా లేదు కాబట్టి ఆ ఎఫ్‌డీని కదిలించకండి. చీటీ 14 నెలల్లో ముగుస్తుంది, అప్పటికి మీ అమ్మాయి పదో తరగతి దాటి ఇంటర్‌లో చేరే సమయం అవుతుంది. ఆ 5 లక్షలు ఆమె చదువుకే, మధ్యలో పాట పాడి కారు కోసం ఎత్తవద్దు. ఇంత పాత కారు మీద బ్యాంకులు సాధారణంగా కారు రుణం ఇవ్వవు. ఎఫ్‌డీకి బదులు అంతే మొత్తం వ్యక్తిగత రుణం తీసుకుంటే 13 శాతం వడ్డీతో నాలుగేళ్లకు 4 లక్షల మీద నెలకు సుమారు 10,730 కిస్తీ, వడ్డీయే 1.15 లక్షలు, అంటే నేను చెప్పిన రెండో దశ మొత్తం. బంగారం రుణానికి వడ్డీ తక్కువే, కానీ తిరిగి సంపాదన తెచ్చిపెట్టని ఖర్చు కోసం మీ శ్రీమతి గారి నగలను కుదువ పెట్టడం న్యాయం కాదని నా అభిప్రాయం.

చీటీ పోను మీకు నెలకు 18 వేలు మిగులుతున్నాయి. అందులో 12 వేలు కారు కోసం వేరే ఆర్‌డీ (నెలనెలా జమ చేసే) ఖాతాలో వేయండి. సేవింగ్స్ ఖాతాలోంచి ఇప్పుడు 60 వేలు తీసి కాగితాలు, బ్రేకుల పని మొదలుపెట్టండి. మిగిలిన 1.40 లక్షలు సుమారు ఏడాదిలో సమకూరుతాయి, ఆ తర్వాత పది నెలల్లో ఏసీ డబ్బు కూడుతుంది. రెండేళ్ల లోపు కారు సిద్ధమవుతుంది, రూపాయి అప్పు లేకుండా. మిగిలిన 6 వేలల్లోంచి కారు పని కంటే ముందే ఒక టర్మ్ పాలసీ తీసుకోండి. మీరు రాసిన వివరాల్లో జీవిత బీమా ప్రస్తావనే లేదు. ఇద్దరు పిల్లలున్న ఇంట్లో ఒకే జీతం మీద ఆధారపడినప్పుడు కోటి రూపాయల కవరేజీ అవసరం. వ్యక్తిగత జీవిత బీమా ప్రీమియం మీద 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ కూడా లేదు.

కాగితాల విషయంలో ఆలస్యం చేయకండి. యజమాని మరణించిన మూడు నెలల్లోపు వారసులు ఫారం 31తో బదిలీకి దరఖాస్తు చేయాలి, ఆ గడువు మీకు ఇప్పటికే దాటింది. తహసీల్దారు కార్యాలయం నుంచి కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం తీసుకుని, అమ్మగారు, తోబుట్టువుల చేత అభ్యంతరం లేదన్న సంతకాలు చేయించండి. ఆ తర్వాత ఫారం 25తో ఆర్‌సీ పునరుద్ధరణ. 20 ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టు నుంచి రుసుము 10 వేలు, జీఎస్టీ అదనం. గడువు దాటిన ఒక్కో నెలకు 500 ఆలస్య రుసుము, వాటికి తోడు పాత వాహనాల మీద వేసే గ్రీన్ ట్యాక్స్ ఉంటాయి. తనిఖీలో బ్రేకులు, లైట్లు చూస్తారు కాబట్టి వాటి పని అయ్యాకే కారును తీసుకెళ్లండి, అప్పటిదాకా రోడ్డెక్కించకండి. బీమా తీసుకునేటప్పుడు ఏసీతో సహా ప్రతి మార్పునూ ప్రపోజల్‌లో రాయించండి. ఐదేళ్లు దాటిన కార్ల విలువను మీరూ కంపెనీ మాట్లాడుకుని నిర్ణయించుకోవచ్చు కాబట్టి బిల్లులన్నీ ఫైలులో ఉంచుకోండి. మెకానిక్ దగ్గర పని పనికీ విడిగా అంచనా రాయించుకుని, ఒక పని పూర్తయి మీరు నడిపి చూసుకున్నాకే దాని డబ్బు చెల్లించి, తర్వాతి పని అప్పగించండి.