నీ పిచ్చర్లు 300 విజయాలకు ఎందుకు చేరట్లేదంటే

తమ్ముడూ, నీ బేస్‌బాల్ గేమ్ లీగ్‌లో బంతి విసిరే పిచ్చర్ ఒక్కడూ కెరీర్ మొత్తంలో 300 విజయాలు దాటట్లేదన్నావు కదా, లోపం ఆటగాళ్లలో లేదు, సెట్టింగ్స్‌లో ఉంది. ఔట్ ఆఫ్ ద పార్క్ బేస్‌బాల్ అనే ఈ కంప్యూటర్ గేమ్‌ని ఈ కాలం సెట్టింగ్స్‌తో ఆడితే ఐదుగురు వంతులేసుకుని పిచింగ్ చేస్తారు, ఆరో ఇన్నింగ్స్‌కల్లా బయటికి లాగేస్తారు, ఇక విజయాలు ఎక్కణ్ణుంచి వస్తాయి? నిజం ఆటలోనూ 300 అందుకున్న చివరివాడు రాండీ జాన్సన్, అదీ 2009లో. వందేళ్ల కిందట సై యంగ్ అనే పిచ్చర్ 511 గెలిచిన కాలంలో, మొదలుపెట్టిన పిచ్చరే చాలావరకు ఆట ముగించేవాడు.

రొటేషన్ నలుగురికి తగ్గించు, ఒక్కొక్కడు విసిరే బంతుల (పిచ్‌ల) పరిమితి పెంచు, గాయాలు మాత్రం తక్కువలో పెట్టు, లేదంటే మోచేయి పోయి కెరీర్ అక్కడే ఆగిపోతుంది. స్టామినా బాగుండి, కనీసం మూడు రకాల పిచ్‌లు వేసేవాణ్ణి ఎంచుకో. స్టఫ్, అంటే బంతిలో పదును, ఒక్కటే చూసి మురిసిపోకు, కంట్రోల్ లేకపోతే వాక్స్‌తోనే, అంటే గురి తప్పిన బంతులతో బ్యాటర్లకి ఊరికే బేస్ ఇచ్చుకుంటూనే అలసిపోతాడు. అప్పటికీ కుదరకపోతే ల్యాప్‌టాప్ పట్టుకుని ఆదివారం మారతహళ్లి వచ్చెయ్, కూర్చుని చూద్దాం.