చెరువు నత్తల సర్వేకు బయలుదేరుతున్న నీకు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

ఇండోప్లానార్బిస్ ఎక్సస్టస్ అనే నత్త మీ జిల్లా చెరువుల్లో ఎక్కడెక్కడ ఉన్నదో పటం గీయబోతున్నానని రాశావు. చాలా సంతోషించాను. ఆ పనిలో ఏళ్ల తరబడి మోకాలి లోతు నీళ్లలో తిరిగినవాడిని కనుక కొన్ని సంగతులు చెబుతాను.

ఫ్రెంచి శాస్త్రవేత్త డెషేస్ 1830లలో ఈ నత్తను వర్ణించి ప్లానార్బిస్ ప్రజాతిలో (అంటే దగ్గరి జాతుల గుంపులో) చేర్చగా, 1921లో అనన్‌డేల్, బైనీ ప్రసాద్ అనే జంతుశాస్త్రవేత్తలు దీని కోసం ఇండోప్లానార్బిస్ అనే వేరే ప్రజాతిని ఏర్పరచారు. అందుకే నీ పట్టికలో డెషేస్ పేరును కుండలీకరణాల్లోనే రాయాలి. ఆయన పెట్టిన జాతి పేరు నిలిచిందనీ, ప్రజాతి మాత్రం తరువాత మారిందనీ చెప్పే గుర్తు అది.

గుర్తుపట్టడంలో తొందర వద్దు. దీని పిల్లలనూ, గైరాలస్ అనే వేరే ప్రజాతి చిన్న నత్తలనూ కలిపి ఒకే సీసాలో వేసేవారిని ఎందరినో చూశాను. గుల్లను అరచేతిలో పెట్టుకొని పక్క నుంచి చూడు. గైరాలస్ బిళ్లలా పలచగా ఉంటుంది, ఇండోప్లానార్బిస్ చుట్టు బొద్దుగా ఎత్తుగా లేచి మూతి దగ్గర ఇంకా వెడల్పవుతుంది. రక్తంలోని హిమోగ్లోబిన్ వల్ల ఒళ్లు ఎర్రగా కనిపిస్తుంది కానీ, ఆ ఎరుపు గైరాలస్‌లోనూ ఉంటుంది కాబట్టి దానిని నమ్ముకోకు.

అసలు ముఖ్యమైన మాట ఇది: గుల్లలు మాత్రమే ఏరుకొని రావద్దు. నేపాల్‌లోని తరాయి మైదానంలో సేకరించిన నత్తల డీఎన్ఏను పోల్చినప్పుడు, ఈ ఒక్క పేరు కిందే బాగా దూరమైన వంశశాఖలు ఉన్నట్లు తేలింది. రేపు ఎవరైనా ఈ జాతిని రెండుగానో మూడుగానో విడదీస్తే, మాంసం లేని నీ గుల్లలు ఏ శాఖవో చెప్పడం ఎవరి తరమూ కాదు. ప్రతి చెరువు నుంచి కొన్నింటిని 95 శాతం ఇథనాల్‌లో ఉంచు. శరీర నిర్మాణం చూడదలచినవాటిని ముందు మెంథాల్ పలుకులు వేసిన నీటిలో రాత్రంతా వదిలితే ముడుచుకోకుండా సాగి ఉంటాయి. ఫార్మలిన్ డీఎన్ఏను పాడుచేస్తుంది కనుక దాని జోలికి పోవద్దు.

వానలు వెనకబట్టాక, తూముల దగ్గర, తామరాకుల అడుగున, గుర్రపుడెక్క వేళ్లలో జల్లెడతో వెతుకు. వేసవిలో ఇవి బురదలో దాగి ప్రాణం నిలుపుకుంటాయి కాబట్టి, ఎండిన కుంటను చూసి లేవని రాసేయకు. ఇవి ఉభయలింగజీవులు, తనంతట తానే ఫలదీకరించుకోగల ఒక్క నత్త చేరినా కొత్త చోట సంతతి నిలుస్తుంది. దక్షిణాసియా, ఆగ్నేయాసియాల నుంచి ఇది ఒమన్‌కూ, నైజీరియాకూ, కరీబియన్‌లోని గ్వాడెలూప్‌కూ చేరిందంటే ఆశ్చర్యం లేదు. మనదేశంలోనే అయినా, మొక్కలతో పాటు నత్తలు వేరే చోటు నుంచి వచ్చి ఉండవచ్చు కనుక, ఆక్వేరియం మొక్కలు పెంచే తొట్లను వేరుగా నమోదు చెయ్యి.

రబ్బరు చేతొడుగులు, బూట్లు లేకుండా నీటిలో దిగవద్దమ్మా. పశువులకు గురక రోగం తెచ్చే షిస్టోసోమా నాసేల్ పురుగు ఈ నత్తలోనే పెరుగుతుంది. ఇటువంటి పశువుల షిస్టోసోమాల పిల్లలు నీటిలో మన చర్మంలోకి దూరితే ఆ చోట దద్దుర్లు, దురద.

నా తొలి ఏడాది చీటీలు సిరాతో రాశాను. స్పిరిట్‌లో అక్షరాలు కరిగిపోయి, ఎన్నో సీసాలు ఏ ఊరివో తెలియకుండా పోయాయి. ఆ బాధ నాకు ఇప్పటికీ పోలేదు. నువ్వు పెన్సిల్‌తో రాసి చీటీని సీసా లోపలే వెయ్యి. ఊరు, చెరువు, అక్షాంశ రేఖాంశాలు, తేదీ ఉండాలి. మొదటి విడత ముగిశాక, వెతికినా నత్త దొరకని చెరువుల పేర్లు కూడా నాకు రాసి పంపు.